టీచర్ కట్టు

లెగ్ వార్మర్లంటే పాదం లేని ఊలు మేజోళ్లు. డాన్స్ టీచరు వాటిని ఉతికి ఆరేసినప్పుడల్లా ఆవిడ అన్నయ్య "ఏనుగు తొండాలు ఆరాయా?" అని వెక్కిరించేవాడు. ఒళ్లు వేడెక్కేదాకా వేసుకుని, అసలు పాఠం మొదలయ్యే ముందు తీసేయడం పద్ధతి. మోకాలు ఎటు తిరుగుతోందో టీచరు కంటికి కనబడాలి కదా.

కొన్నాళ్లుగా ఆవిడే తీయడం మానేసింది. ఎడమ కాలిది మోకాలు దాటించి తొడ మీదికి లాగేది. ఎవరైనా అడిగితే స్టైల్ అని చెప్పుకోవడానికి వీలుగా, కుడి కాలిది మడమ మీద కుప్పగా జార్చేది. ఎడమ మోకాలు వాచిపోయింది. ఊలు కింద, సాగే గుడ్డతో బిగించిన కట్టు ఉంది. ఆ సంగతి బయటపడితే క్లాసు తన కింద పనిచేసే చిన్న టీచరు చేతికి పోతుందని ఆవిడ గుబులు.

పిల్లలు అడిగితే కదా! చూస్తూ చూస్తూ ఉండగానే క్లాసంతా అలాగే తయారైంది. ఎర్రవి, పచ్చవి, చారలవి, ఒకటి పైకీ ఒకటి కిందికీ. డాన్సు మొహం ఎరగని పిల్లలు కూడా అలాగే వేసుకుని బజారులో తిరుగుతున్నారు. చీరకట్టులాగా దీనికీ ఒక పేరు పెట్టేశారు, "టీచర్ కట్టు" అని. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆవిడ పైకి నవ్వేసి, లోపల సిగ్గుతో చచ్చిపోయేది. "ఇక తీసేయండర్రా" అనడానికి నోరు రాలేదు. వాళ్లు తీస్తే తనూ తీయాలి.

ఆ సాయంత్రం ఒక గెంతు నుంచి దిగుతూ అన్నయ్య కూతురు కూలబడిపోయింది. క్లాసులో తనను "టీచర్" అనే పిలవాలని ఆవిడ ఆ పిల్లకు నియమం పెట్టింది. ఇప్పుడది గాలికి పోయింది.

"అత్తా!"

ఆవిడ గబగబా వెళ్లి పక్కన కూర్చుంది. "ఎక్కడే? ఏదీ, చూడనీ."

"ఏం లేదు. లేదన్నానా!" పిల్ల ఎడమ కాలి ఊలును రెండు చేతులతో పట్టుకుంది.

"తియ్యి."

"నువ్వు తీస్తావా ఏంటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ పిల్ల వేళ్లు విడదీసి ఊలును కిందికి లాగింది. ఉబ్బిన మోకాలి మీద కట్టు. పిన్ను బయటికి తెలియకుండా లోపలివైపు గుచ్చి ఉంది. అలా గుచ్చడం ఆవిడ సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయం.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నన్ను ప్రోగ్రాంలోంచి తీసేస్తావుగా." పిల్ల గొంతు తగ్గించింది. "నువ్వు బాత్రూంలో కట్టుకుంటుంటే తలుపు సందులోంచి చూశా. ఎవరికీ చెప్పలేదులే అత్తా. ఒట్టు."

అత్త గుట్టు కాపాడానన్న గర్వం, అంత నొప్పిలోనూ, పిల్ల ముఖంలో కనిపించింది. అది చూసి ఆవిడకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ ఈ పిల్లకు తను నేర్పింది ఇదా?

గోల విని చిన్న టీచరు వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఆమెను చూసింది. చూసి కూడా, ఎడమ కాలు చాపి, తన ఊలును కిందికి లాగింది.

"వద్దత్తా, అందరూ చూస్తున్నారు!" పిల్ల దాన్ని మళ్లీ పైకి లాగబోయింది.

"చూడనీ." ఆవిడ పిన్ను తీసి కట్టు విప్పింది. చెవులు కాలిపోతున్నాయి. "టీచర్ కట్టు అంటే ఇదర్రా. ఇది స్టైల్ కాదు, నా భయం. ఇక అందరూ తీసేయండి."

ఎర్రవి, పచ్చవి, చారలవి ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి.

వెనక వరసలో ఒక పిల్ల మాత్రం తన ఎడమ మోకాలిని చేత్తో మూసుకుని, తల వంచుకుని అలాగే నిలబడింది.