బ్రౌలియో మేస్త్రీ పోయాడట

"తెల్లది వద్దు, నల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యి," అన్నాడు చోన్, అద్దం ముందు మీసం సవరించుకుంటూ. "బ్రౌలియో మేస్త్రీ పోయాడు."

ఎర్లిండా చేతిలో ఇస్త్రీపెట్టె కాలరు మీదే ఆగిపోయింది. మాడు వాసన వచ్చాక గానీ ఎత్తలేదు.

"ఎప్పుడు పోయాడు?"

"మొన్న మంగళవారమని చెప్పా. గుండెనొప్పి. మోంతెర్రేలోనే మట్టిచేశారు."

"నాకో మాట చెప్పకుండానే?"

"చెప్పడానికేముందే? అసలా మనిషంటూ ఉంటే కదా!"

నిజమే, ఆ మనిషి లేడు. ఏనాడూ లేడు. ఇరవై రెండేళ్ళ కిందట, టెక్సస్‌లో తాముండే శాన్ ఆంటోనియోలో ఏటా మే నెలలో జరిగే అకార్డియన్ పండగలో చోన్ మొదటిసారి వాయించి దిగాక, ఎవరో అడిగారు: "ఇంత తీయటి శ్రుతి ఎవరు పెట్టారయ్యా?" ఆ శ్రుతి పెట్టిన మనిషి, అతని పెళ్ళాం ఎర్లిండా, పక్కనే టాకోల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. చోన్ ఆవిడ వంక చూడనైనా చూడకుండా, "మెక్సికోలోని మోంతెర్రేలో ఒక ముసలాయన ఉన్నాడు, బ్రౌలియో మేస్త్రీ అని," అన్నాడు. ఇంటికెళ్తూ కారులో ఆవిడ అడిగితే, "ఆడదాని చేతికిచ్చానంటే నన్ను మగాళ్ళలో కలుపుతారా?" అన్నాడు. ఆవిడ నవ్వింది. ఎందుకు నవ్విందో దేవుడికే తెలియాలి. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే తన నెత్తిన తనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత ఊళ్ళో అకార్డియన్లన్నీ మేస్త్రీ కోసం బారులు తీరాయి. చోన్ తీసుకునేవాడు, మోంతెర్రే పంపిస్తున్నానని చెప్పేవాడు. అవి మాత్రం వంటింటి బల్ల దాటి ఎక్కడికీ పోలేదు. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతుంటే, ఎర్లిండా గాలితిత్తి విప్పి, లోపల స్వరం పలికే సన్నటి లోహపు రేకులు, రీడ్లు, ఒక్కొక్కటే ఊడదీసి, మైనం కరిగించి కూర్చునేది. రీడు కొసన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. ఎంత గీకాలో మాత్రం చెవే చెప్పాలి. చర్చీల్లో హార్మోనియంలు బాగుచేస్తూ తిరిగిన నాన్న ఇచ్చిన చెవి అది. "ఏంటమ్మాయ్ ఆ పిల్లి ఏడుపు, అక్కడ గింజలు మాడుతున్నాయి చూసుకో!" అని అత్తగారు లోపల్నించి కేకేసేది. అబద్ధానికి కాళ్ళు లేవంటారు గానీ, మేస్త్రీకి ఒక కుంటికాలు కూడా వచ్చింది. అందుకే ఊరు కదలడట. కోపిష్టట, ఎవర్నీ గడప తొక్కనివ్వడట. వాయిద్యగాళ్ళు ఎర్లిండా వంటింట్లోనే కూర్చుని, ఎర్లిండా ఇచ్చిన కాఫీ తాగుతూ, "ఆ మేస్త్రీ చేతికి దణ్ణం పెట్టాలి వదినా," అనేవాళ్ళు. ఆ చేత్తోనే ఆవిడ వాళ్ళ కప్పుల్లో చక్కెర కలిపేది. మర్యాద తెలిసినవాళ్ళయితే, "మీ కాఫీ కూడా బాగుంటుంది వదినా," అనేవాళ్ళు. ఆ 'కూడా' ఆవిడకి రెండు రోజులు గొంతులో ముల్లులా ఉండేది.

ఇన్నేళ్ళూ ఎలాగో సర్దుకుంది. ఈ ఏడు పండగవాళ్ళు ఆ మేస్త్రీకే సన్మానం చేస్తామని కూర్చున్నారు. లేని మనిషిని చోన్ ఎక్కణ్ణుంచి పట్టుకొస్తాడు? అందుకే చంపేశాడు.

"ఆయన దగ్గర పని నేర్చిన శిష్యుణ్ణి నేనేనని చెప్పా, సన్మాన ఫలకం నాకే ఇస్తారు," అన్నాడు బూట్లు తొడుక్కుంటూ. "ఇకమీదట ఆ పనంతా నేనే చేస్తున్నానని స్టేజీ మీదే చెప్పేస్తా. మోంతెర్రే గోల వదిలిపోతుంది. నీకూ హాయి, నాకూ హాయి."

నాకేం హాయి? ఎర్లిండాకి ఒళ్ళు మండిపోయింది. లేనివాడి పేరున ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీ ఖాళీగానే ఉందిలే, ఎప్పుడో ఒకనాడు నేను కూర్చుంటాననుకున్నాను. ఇరవై రెండేళ్ళు దాన్ని తుడిచి తుడిచి పెట్టుకున్నాను. ఇప్పుడు ఈయన వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంటాడట. రేపణ్ణుంచి నేను గీకే ప్రతి రీడూ ఈయన గీకినట్టే. అంటే బతికుండగానే నాకు దినం పెడుతున్నాడన్నమాట, ఆ దినానికి చొక్కా నేనే ఇస్త్రీ చేయాలి!

చొక్కా ఇచ్చేసి, లోపలికెళ్ళి ఎర్ర గౌను వేసుకుని వచ్చింది.

"చావు కదే, ఎరుపేంటి?" అన్నాడు చోన్.

"ఎవరి చావు?" అంది. చోన్ దారంతా సణుగుతూనే కారు నడిపాడు.

మధ్యాహ్నం రెండింటికి పార్కు కిటకిటలాడుతోంది. జనం మడత కుర్చీలు, ఐసు పెట్టెలు మోసుకొచ్చి చెట్ల కింద సర్దుకున్నారు. వేదిక ముందు సిమెంటు నేల మీద ముసలి జంటలు చెమటలు కక్కుతూ ఆడుతున్నారు. పాట ఆగాక, పండగ నడిపే రెనాల్దో మైకులో విషాదవార్త చెప్పాడు. చోన్ ముందుకొచ్చి, "ఆయన నాకు తండ్రిలాంటివాడు," అని గొంతు వణికించాడు.

"పాపం వదినా, మీ ఆయన ఎంత ఏడుస్తున్నాడో," అంది పక్కావిడ, కళ్ళొత్తుకుంటూ.

"ఏడుపూ బాగానే వాయిస్తాడు," అంది ఎర్లిండా.

"మేస్త్రీ కోసం ఒక్క నిమిషం మౌనం," అన్నాడు రెనాల్దో. పార్కంతా లేచి నిలబడింది. వేల టోపీలు ఒక్కసారి తలల మీంచి దిగాయి. పసిపిల్లల అల్లరి కూడా సద్దుమణిగింది. అటుపక్క బేతో, గురువారమే అకార్డియన్ బాగై చేతికొచ్చినవాడు, టోపీ గుండెకి హత్తుకుని కళ్ళు మూసుకున్నాడు. వీళ్ళంతా నా కోసమే నిలబడ్డారు, అనుకుంది ఎర్లిండా. దుఃఖం తన్నుకొచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. లేచి వేదిక మెట్లెక్కింది.

చోన్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "దిగవే. ఏదున్నా ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో ఇరవై రెండేళ్ళు మాట్లాడుకున్నాం," అని ఆ చెయ్యి తీసేసింది.

"టోపీలు పెట్టుకోండి నాయనా, వడదెబ్బ తగుల్తుంది. ఎవరూ చావలేదు. మీ రీడ్లు గీకుతున్నది నేను. నా పేరు ఎర్లిండా కాంతూ."

ఎవరో కిసుక్కుమన్నారు. "పరాచికాలా వదినా?" అన్నాడు బేతో కిందనుంచి.

"నీ అకార్డియన్లో మూడో వరస రెండో బొత్తానికి తిత్తి కాస్త గట్టిగా లాగాల్సొస్తోందా లేదా? రీడు పగిలింది, కొత్తది వేశాను. రెండు వారాలు వాయిస్తే దారికొస్తుంది."

బేతో వేళ్ళు గాల్లోనే ఆ బొత్తం వెతుక్కున్నాయి. మొహం మారిపోయింది. చుట్టూ జనం ఒక్కొక్కరే టోపీలు తలకెత్తుకుంటున్నారు గానీ, అతను మాత్రం పెట్టుకోలేదు.

"మరి ఇకమీదట నా అకార్డియన్ ఎక్కడికి పంపమంటావు వదినా?"

"ఎక్కడికీ పంపొద్దు. తిన్నగా ఇంటికొచ్చి ఎర్లిండా కావాలని అడుగు," అంది. "తలుపు చోన్ తీస్తాడు."