పెదాలు చూస్తే చాలట!

పొద్దున్నించీ ఖుర్షిదాకి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి! వినపడని పిల్లల చదువు కోసం కొత్త నిబంధనలు రాస్తున్నారట. అందులో ఓ మహానుభావుడు ఏం రాశాడంటే, టీచరు పిల్లకి ఎదురుగా నిలబడి నోరు బాగా కదిపి పాఠం చెబితే చాలట. పెదాలు చూసి పిల్లే అర్థం చేసుకుంటుందట. చేతులతో చెప్పే టీచరు విడిగా అక్కర్లేదట.

అంటే జూన్ నుంచి హెలెన్ టీచరు రారన్నమాట. ఖుర్షిదా కూతురు అర్ఫాకి పుట్టుకతోనే వినపడదు. ఇప్పుడు ఎనిమిదో తరగతి. హెలెన్ టీచరు వచ్చి తల్లికీ కూతురికీ సైగల భాష నేర్పాకే, పిల్ల బడికి పరిగెత్తడం మొదలుపెట్టింది. అంతకుముందు రోజూ కడుపునొప్పే. ఆ కడుపునొప్పి మళ్ళీ ఇంటికొస్తుందని ఖుర్షిదా భయం.

ఆ నిబంధనల మీద జనం ఏమంటారో వినడానికి శ్రీదివ్య అనే అధికారి పెదకాకాని పక్కనున్న వీళ్ళ ఊరి హైస్కూలుకి వచ్చారు. హెడ్మాస్టరు లక్ష్మీకాంత్ గారు షామియానా ఎక్కడ వేయించారయ్యా అంటే, సరిగ్గా మిరప కళ్లం పక్కన. అక్కడైతే నీడ బాగుంటుందట! ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషికి ఆమాత్రం తెలియొద్దూ?

"పెదాలు చూసి నేర్చుకోవడం వల్ల పిల్లలకి..." అని శ్రీదివ్య గారు మర్యాదగా మొదలుపెట్టారో లేదో, గాలి ఇటు తిరిగింది. కళ్లంలో కూలీలు ఎండు మిరపకాయల్ని బస్తాల్లోకి తొక్కుతున్నారు. ఘాటు ఒక్కసారిగా కమ్మేసింది. ఇక చూడాలి తమాషా! హెడ్మాస్టరు గారికి తుమ్ములే తుమ్ములు. శ్రీదివ్య గారు కళ్ళనీళ్ళు కారుస్తూ ముక్కూ నోరూ చున్నీతో బిగించి కట్టేసుకున్నారు. క్షణంలో షామియానా కింద ఒక్క నోరూ కనపడకుండా పోయింది.

ఖుర్షిదా కొంగు నోటికి చుట్టుకుని లేచి నిలబడింది.

"మేడమ్ గారూ, ఇప్పుడు చెప్పండి! మా పిల్ల ఎవరి పెదాలు చూడాలండీ? ఈ సీజనంతా మాకింతేనండి. బళ్ళో టీచర్లు కూడా మూతికి గుడ్డ కట్టుకునే పాఠం చెప్తారు!"

"కూర్చోవమ్మా..." అనబోయి లక్ష్మీకాంత్ గారు మళ్ళీ తుమ్మారు.

శ్రీదివ్య గారికి కోపం రాలేదు. ఖుర్షిదా పక్కనున్న అర్ఫా వైపు తిరిగి, "నీకేం కావాలమ్మా?" అని చున్నీలోంచే అడిగారు. ఆవిడ పక్కనే ఉన్న హెలెన్ టీచరు ఆ మాట చేతులతో చెప్పారు. అప్పటిదాకా పిల్లని ఆ మాట అడిగినవాళ్ళే లేరు. అర్ఫా చేతులు గబగబా ఆడాయి. హెలెన్ టీచరు పైకి చెప్పారు:

"ఇదివరకు క్లాసులో అందరూ నవ్వాక, వాళ్ళ మొహాలు చూసి నేనూ నవ్వేదాన్ని. ఎందుకో తెలిసేది కాదు. ఇప్పుడు వాళ్ళతోపాటే నవ్వుతున్నా. నాకదే కావాలి."

ఖుర్షిదాకి దుఃఖం పొంగుకొచ్చింది. అందరితోపాటు పిల్లా నవ్విందని తానెన్నిసార్లు మురిసిపోయిందో!

శ్రీదివ్య గారు చేతిలో ఉన్న నిబంధనల కాగితం మీద అడ్డంగా ఓ గీత గీసి, చున్నీలోనే ఏదో గొణిగారు. ఎవరికీ వినపడలేదు. పక్కనున్న హెలెన్ టీచరుకి మాత్రం వినపడింది, ఆమె చేతులు కదిలాయి. అంతే, అర్ఫా పకపకా నవ్వేసింది!

అందరూ ఆ పిల్ల వైపే చూశారు. ఇన్నాళ్ళూ ఎవరేమన్నారో కూతురికి తానే చెప్పుకొచ్చిన ఖుర్షిదా, 'ఏమన్నారే?' అని చేత్తో అడిగింది.

అర్ఫా నవ్వాపుకుంటూ చేతులతో చెప్పింది. ఖుర్షిదా ఆ మాట అందరికీ వినపడేలా అరిచింది: "ఆ వాక్యం కొట్టేయమని పైవాళ్ళకి రాస్తారంట! ఒప్పుకోకపోతే వాళ్ళ మీటింగు కూడా ఇక్కడే పెట్టిస్తారంట!"

అప్పుడు నవ్వింది షామియానా అంతా, అర్ఫా నవ్విన తర్వాత.