మిగిలిన నాలుగో పాట

మూడో పాటకీ నాలుగో పాటకీ మధ్య నా భార్య హైమవతి చనిపోయింది. ఆ సాయంత్రం నుంచి నాలుగో పాట మా ఇంట్లో ఉంటోంది.

పాట నిడివి రెండు నిమిషాల నలభై ఆరు సెకన్లు. ఇంకా మొదలవలేదు. వాయించేవాళ్లు మొదలుపెట్టే ముందు పీల్చే ఊపిరి దగ్గర ఆగి ఉంది. పగలు వంటింట్లో కాఫీ ఫిల్టరు పక్కన నిలబడుతుంది. పడుకునే వేళకి హైమ డాన్సు చెప్పుల సంచిలోకి వెళుతుంది. పొద్దున నేను రెండు కప్పులు కాఫీ కలుపుతాను. ఒకటి చల్లారుతుంది.

విశాఖపట్నం మహారాణిపేటలో ఒక కల్యాణ మండపం మేడ మీద ఆదివారం సాయంత్రం ఐదింటికి మేం టాంగో చేస్తాం. నేర్పేది ఫిలోమినా టీచరు. అర్జెంటీనా వాళ్ల నియమాలు ఒక్కటి తప్పినా ఆవిడ పాట ఆపేస్తుంది. నాలుగు పాటలు ఒక వరస. వరసకు ముందు మగవాడు దూరం నుంచి చూసి తల ఊపుతాడు. ఇష్టమైతే ఆడమనిషి తల ఊపుతుంది, లేకపోతే చూపు తిప్పుకుంటుంది. వరస మధ్యలో జంట మారకూడదు. నాలుగూ అయ్యాక తెరపాట వస్తుంది. మా దగ్గర అది ముప్పై సెకన్ల డోలు. అప్పుడు మగవాడు ఆమెను కుర్చీ దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే ఇంకొకరు.

హైమతో నాలుగో పాట మిగిలింది గనక మా వరస పూర్తి కాలేదు. వరస పూర్తి కాలేదు గనక పదకొండు వారాలుగా ఎవరూ జంట మారలేదు.

ఈ ఆదివారం పొద్దున పళ్ల డాక్టరు కిరీటి మా ఇంటికి వస్తాడు. అతని కౌగిట్లో లెక్చరర్ రత్నమాల ఉంది. ఇద్దరూ పక్కకు తిరిగి గుమ్మం దాటుతారు.

“సన్యాసిరావు గారూ, పదకొండు వారాల్నుంచి ఈవిడ చెవి తప్ప నాకింకేం కనబడ్డం లేదండీ,” అంటాడు కిరీటి.

“నాకు మాత్రం ఏం కనబడుతోందీ? నీ వెనకాల నోళ్లు తెరుచుకు కూచున్న పేషెంట్లు,” అంటుంది రత్నమాల. నాకు చెబుతుంది: “నిన్న ఒకాయనకి పన్ను నేనే పీకానండీ. ఈయన చేతులు ఖాళీ లేవుగా.”

“మంచి పన్ను పీకింది.”

“పక్కదే కదా. పెద్ద దూరమేం కాదు.”

నేను కుర్చీ చూపిస్తాను. ఒక్క కుర్చీలో కూర్చోవడం కుదరక నిలబడే ఉంటారు. కిరీటి వంటింటి వైపు చూసి గొంతు తగ్గిస్తాడు.

“అదేనాండీ?”

“అదే.”

“మొదలవకుండా ఇన్నాళ్లు ఎలా ఉంటోందండీ?”

“ఊపిరి బిగబట్టుకుని.”

“చేసేయండి అన్నయ్యగారూ,” అంటుంది రత్నమాల. “మావారు మంచానికి ఆ చివర కూచుని, ఎప్పటికవుతుందే అని రోజూ అడుగుతున్నారు.”

“చేస్తే అయిపోతుందమ్మా.”

“అవడానికేగా చెయ్యడం.”

“అయిపోతే హైమని కుర్చీలో దింపి రావాలి.”

ఇప్పటికి హైమ వరస మధ్యలో ఉంది. మధ్యలో ఉన్న మనిషి వెళ్లిపోయినట్టు కాదు. ఈ సంగతి వాళ్లకూ తెలుసు. ఇద్దరూ ఒకే అడుగుతో మెట్లు దిగి వెళతారు.

శ్మశానంలో నేను కుండ ఎడమ భుజాన పెట్టుకుని అప్రదక్షిణంగా మూడు చుట్లు తిరిగాను. చుట్టుకొక చిల్లు పెట్టారు. నాలుగో చుట్టుకు కాలు ఎత్తితే పంతులుగారు ఆపారు. “మూడే బాబూ. వదిలెయ్యి. వెనక్కి చూడకు,” అన్నారు. వదిలేశాను. కుండ పగిలిన చప్పుడు నాకు వినబడలేదు.

టాంగోలో కూడా హాలు చుట్టూ అప్రదక్షిణంగానే తిరగాలి. మొదటి ఏడాది హైమ వాళ్లమ్మ చూడ్డానికి వచ్చి, “శుభమా అని చేస్తూ ఈ ఎడమ తిరుగుడేమిటే?” అంది. “నేను వెనక్కి నడుస్తాను కదమ్మా. నా మొహం ప్రదక్షిణం వైపే ఉంటుంది,” అంది హైమ. వాళ్లమ్మ ఆలోచించి, సరే అంది.

మంచం చివర కూచున్న రత్నమాల భర్త గుర్తుకొస్తాడు. నాలుగున్నరకి సంచి తెరిచి పట్టుకుంటాను. పాట చెప్పుల మధ్యకి వస్తుంది. జిప్పు వేసి భుజాన తగిలించుకుంటాను.

మేడ మీద ఎనిమిది జంటలు కౌగిళ్లలో నిలబడి ఉన్నాయి. గోడ పక్కన కుర్చీల మీద పదకొండు వారాల దుమ్ము ఉంది.

“ఏటి సన్నాసీ, తెచ్చావా?” అంటుంది ఫిలోమినా టీచరు.

“తెచ్చానండీ.”

“ఎవరితో చేస్తావు?”

“తనతోనే.”

“అంతే మరి. జంట మారకూడదు.” ఆవిడ నా చొక్కా కాలరు సరిచేస్తుంది. “ఏడుపొస్తే ఏడువు. కాళ్లు మాత్రం ఆపకు. వెనకాలోళ్లు గుద్దుకుంటారు.”

జిప్పు తీస్తాను. పాట ఊపిరి వదులుతుంది.

చేతులు చాస్తాను. ముందు హైమ బరువు వస్తుంది. మూడో పాట చివర ఎక్కడ ఆగిందో అక్కడే, ఆమె ఎడమ కాలి మీద ఉంది. అది కుడి కాలి మీదికి మారేదాకా ఆగుతాను. తర్వాత నా మెడ దగ్గర ఆమె ఊపిరి వస్తుంది. మొహం రాదు. నడుస్తాం.

మొదటి చుట్టులో నా ఎడమ భుజంలోంచి నీళ్లు ఒక ధారగా కారతాయి. రెండో చుట్టులో రెండు ధారలు. మూడో చుట్టులో మూడు. నేల తడుస్తుంది. వెనక జంటలు నీళ్లలో అడుగులు వేస్తాయి. నాలుగో చుట్టుకు కాలు ఎత్తుతాను. ఎవరూ ఆపరు.

డాన్సు చేస్తూ మాట్లాడకూడదు. నేను అడుగుతాను.

“వెనక ఏం కనబడుతోంది?”

హైమ నియమం తప్పదు. జవాబు ఇవ్వదు. కానీ నా భుజం మీద ఆమె గడ్డం ఒకసారి కిందికీ పైకీ కదులుతుంది. నా వెనక ఉన్నవాళ్లెవరికో తల ఊపింది. వరస మధ్యలో ఇంకొకరికి ఒప్పుకోవడం పెద్ద తప్పు. పదహారేళ్లలో హైమ ఆ తప్పు చేయలేదు. ఆ సాయంత్రం మూడో పాటలో మాత్రం ఒక్కసారి చేసింది. మెడ పట్టేసిందేమో అనుకున్నాను.

నేను వెనక్కి చూడను.

పాట అయిపోతుంది. డోలు మోగుతుంది. ఎనిమిది జంటలు విడిపోతాయి. రత్నమాల కిరీటి చెంపకు అంటుకున్న తన చెవి అడిగి తీసుకుంటుంది. ఎవరూ నవ్వరు.

హైమ కుర్చీ కిటికీ పక్కది. అక్కడిదాకా నడిపించి, జేబురుమాలుతో దుమ్ము తుడిచి, కూర్చోబెడతాను. ఎడమ చెయ్యి విడిపోతుంది. కుడి చెయ్యి ఆమె వీపు మీంచి రాదు. రెండుసార్లు లాగుతాను. చేతిని అక్కడే ఉంచి నా కుర్చీకి వస్తాను.

తర్వాతి వరస కోసం అందరూ చూపులు కలుపుతారు, తలలు ఊపుతారు, లేస్తారు. కిటికీ పక్క కుర్చీలోంచి నా కుడి చెయ్యి లేస్తుంది. నేల మధ్యకి వెళ్లి, నడుము ఎత్తున, హైమ వీపు చుట్టూ వంగి ఆగుతుంది. ఆమెకు ఎదురుగా, ఆమె తల ఊపిన మనిషి ఎవరో కనబడదు.

ఫిలోమినా టీచరు పాటల పెట్టె మీట నొక్కుతుంది. చప్పుడు లేదు. ఆవిడ నా వైపు చూస్తుంది.

నా భుజంలో నీళ్లు అయిపోయాయి. మూడు చిల్లులూ ఆరిపోయాయి. ఊపిరి తీసుకుంటే వాటిలోంచి గాలి లోపలికి వస్తుంది, వేణువులోకి వచ్చినట్టు.

పీల్చుకుని ఆగుతాను. తడి నేల మీద తొమ్మిది జంటలు ఆగి ఉన్నాయి. కాళ్లు మార్చకుండా నా భుజం వైపు చూస్తున్నాయి.

వదులుతాను. నా చెయ్యి మొదటి అడుగు వేస్తుంది.