లేడని చెప్పిన మొగుడు

“మొగుడు వదిలేసి పోయాడని చెప్పు. ఏడుపు రాకపోతే తల వంచుకో, చాలు,” అంది అత్తగారు, గుమ్మంలో కాళ్లు బారజాపుకుంటూ.

కోడలి చేతిలో సూది ఆగిపోయింది. ఒళ్లో తెల్ల చొక్కా, పెదాల మధ్య నాలుగు గుండీలు. చొక్కాకి ఏడు గుండీలు, మూటకి యాభై చొక్కాలు, రోజుకో మూట. పాప బడికి వెళ్లిన దగ్గర్నుంచి వెలుగు పోయేదాకా ఇదే. దీన్ని ఆ ఇంట్లో ఎవరూ పని అనరు. “ఇంట్లో కూర్చునే ఉంటుందిలే” అంటారు. కూర్చుని ఉండటం నిజమే కాబట్టి ఆమె ఎప్పుడూ కాదనలేకపోయింది.

“ఎవరి మొగుడు అత్తయ్యా?” అంది గుండీలు అరచేతిలోకి తీసుకుని.

“నీ మొగుడే! ఇంకెవరి మొగుడి సంగతి నాకెందుకు? మగదిక్కు లేని ఇళ్లకే ఇస్తున్నారట డబ్బులు. ఇంట్లో దుక్కలాంటి మగాడున్నాడని తెలిస్తే మన పేరు కొట్టేస్తారు.”

ఆ దుక్కలాంటి మగాడు మంచం మీద పడుకుని అంతా వింటూనే ఉన్నాడు. మార్కెట్లో బస్తాలు దించే పని అతనిది. ఎవరైనా పిలిస్తే వెళ్తాడు, అదీ ఆ రోజు నడుం నొప్పి లేకపోతే. “అమ్మ చెప్పినట్టు చెయ్యి,” అన్నాడు. “గంటసేపటి దానికి అంత ఆలోచనెందుకు? నేనలా వెనక గోడ అవతల కూర్చుంటాలే.”

వారం రోజులుగా వీధి వీధంతా ఇదే గోల. ఏదో సంస్థ వాళ్లు రేకుల కప్పూ మట్టి నేలా ఉన్న ఇళ్లు చూసుకుని, ఒక్కో ఇంటికీ ఏడాది సంపాదనంత సొమ్ము రెండు విడతలుగా నేరుగా ఫోన్లోకి వేస్తారట. అప్పు కాదట. తిరిగి కట్టక్కర్లేదట. దేనికి ఖర్చు పెట్టారని కూడా అడగరట. రక్తం తీసుకుపోతారని ఒకరన్నారు, ఇళ్లు ఖాళీ చేయించే ఎత్తని ఇంకొకరన్నారు. అన్నవాళ్లే పొద్దున్నే లేచి తలుపు ముందు ఊడ్చుకుని సర్వే అమ్మాయి కోసం ఎదురుచూశారు.

అందరికంటే అనుమానం కోడలికే ఎక్కువ. ఎవరైనా ఎవరికైనా ఊరికే ఏదైనా ఇవ్వడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూసి ఉంటే కదా! పెళ్లైన కొత్తలో జ్వరమొస్తే అత్తగారు గ్లాసుడు వేడినీళ్లు కాచి ఇచ్చింది. పదకొండేళ్లుగా చుట్టాలెవరొచ్చినా ఆ వేడినీళ్ల కథ వినిపించాల్సిందే. “కన్నకూతుర్ని చూసుకున్నట్టు చూసుకున్నాను, మంచం దగ్గరికే తెచ్చిచ్చాను.” మొగుడు ఒకసారి చెప్పులు కొన్నాడు. ఆ చెప్పులు ఎప్పుడో తెగిపోయాయి గానీ, “నీకు చెప్పులు కొనిపెట్టింది ఎవరు?” అనే మాట మాత్రం చెక్కుచెదరలేదు. జత చెప్పులకే ఇంత ఉంటే ఏడాది సంపాదనకి ఏం అడుగుతారో, ఎన్నాళ్లు అడుగుతారో! ముక్కూ మొహం తెలియనివాళ్లకి మనమంటే అంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? అలా అనుకుంటూనే రాత్రి తిన్న గిన్నెలు తోమింది, నీళ్లు మోసింది, పాపకి జడ వేసింది. నాన్న ఊళ్లో లేడని చెప్పమని పాపకి నేర్పబోయి, నోరు రాక మానేసింది.

సర్వే అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో పలకలాంటి ఫోను, తెగిన చెప్పుకి పిన్నీసు. పీట వేస్తే కూర్చుంది గానీ టీ వద్దంది. టీ కూడా వద్దందంటే ఇదేదో పెద్ద వ్యవహారమే అనుకుంది ఆమె.

“ఇంట్లో ఎంతమంది?”

“ముగ్గురం. నేనూ, పాపా, అత్తగారూ.”

“మీ భర్త?”

“లేడండీ. వెళ్లిపోయాడు.” తల వంచుకుంది. పక్కన అత్తగారు కొంగు కళ్లకి అద్దుకుని, బతికున్న కొడుకు కోసం నిక్షేపంగా ముక్కు చీదింది.

ఇక్కణ్ణుంచి ఒకదాని మీద ఒకటి ఎన్ని అబద్ధాలు ఆడాలో, ఎక్కడ దొరికిపోతానో అనుకుంది ఆమె. అమ్మాయి ఫోను చూస్తూ ఒక్కొక్కటీ అడుగుతోంది. ఇంట్లోకి నీళ్లెవరు తెస్తారు? నేనే. వంటా, బట్టలూ? నేనే. పెద్దావిడకి ఒంట్లో బాగోకపోతే ఎవరు తీసుకెళ్తారు? నేనే. పాప బడి సంగతి? నేనే. ఇంట్లో నికరంగా సంపాదించేది ఎవరు? గుండీలు కుడతానండీ, నేనే. నాలుగో ‘నేనే’ దగ్గర ఆమెకి అనుమానం వచ్చింది. ఐదో దానికి భయం వేసింది. అబద్ధం ఆడదామని కూర్చుంటే ఒక్కటంటే ఒక్కటి మళ్లీ ఆడాల్సిన అవసరం రావడం లేదేమిటి? మొగుడు ఇంట్లో ఉన్నా ఇవే జవాబులు కదా! నిజంగానే వెళ్లిపోయినవాడి పెళ్లాం వచ్చి ఈ పీట పక్కన కూర్చున్నా ఇంతకంటే వేరేగా ఏం చెప్తుంది?

“అయితే ఇంటిపెద్దగా మీ పేరే రాస్తున్నాను,” అంది అమ్మాయి.

అత్తగారి ముక్కు చీదడం ఠక్కున ఆగిపోయింది.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నిలబడి అమ్మాయి అంది: “ఒక మాటండీ. భర్త ఉన్నా లేకపోయినా డబ్బు ఇస్తాం. మా వాళ్లు ముందే చెప్పి ఉండాల్సింది. ఈ వీధిలో మీది తొమ్మిదో ఇల్లు, తొమ్మిదిళ్లలోనూ మగవాళ్లు వెళ్లిపోయారు.” మొహంలో నవ్వు లేదు. “రెండో విడతకి ముందు వస్తాను, ఎవరైనా తిరిగొస్తే అప్పుడు చెప్పండి. రాసుకుంటాను.”

వెనక గోడ అవతల వెళ్లిపోయిన తొమ్మిది మందీ పేకాడుకుంటున్నారు.

మొదటి విడత వచ్చింది. సంస్థవాళ్లు ఆమెకని ఇచ్చిన చిన్న ఫోన్లో, ఆమెకొక్కదానికే తెలిసిన రహస్య నంబరు వెనకాల కూర్చుంది. ఇంకా ఏ కబురు వస్తుందోనని ఆమె వారం చూసింది, పది రోజులు చూసింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఇంట్లోవాళ్లు తప్ప. సంస్థవాళ్ల మీద పెట్టుకున్న అనుమానం మెల్లగా ఇంట్లోకి మళ్లింది. పదకొండేళ్లలో మొదటిసారి మొగుడు, “తిన్నావా?” అన్నాడు. ఆమెకి ఒళ్లు ఝల్లుమంది. ఒకరోజు బిందె పట్టుకుని నీళ్లకి వెళ్లి, సగం దారిలో ఒలకబోసి, మిగతా సగం తెచ్చి వీధంతా వినపడేలా “అబ్బా, నడుం!” అన్నాడు. అత్తగారు కూడా దారం ఎక్కించి ఇస్తానని సూది అడిగింది. ఇంత మంచితనం ఒక్కసారిగా మీద పడితే మనిషి తట్టుకోవద్దూ? పొద్దస్తమానం గుండీలు కుట్టీ కుట్టీ కళ్లు మసకేసినప్పుడు వీళ్లలో ఒక్కరైనా, “కాసేపు ఆపు” అన్న పాపాన పోలేదే!

కప్పు కారే చోట ఆమె కొత్త రేకు వేయించింది. రెండేళ్లుగా పోటుపెడుతున్న పన్ను పీకించుకుంది. మిగిలింది కదిలించలేదు. రెండో విడత దానికి కలిస్తే గుండీలు కుట్టే మిషను వస్తుంది. పాతదే, చొక్కాల మూటలిచ్చే కంట్రాక్టరు షెడ్డులో ఒకటి అమ్మకానికి ఉందని విన్నది. అది ఇంటికొస్తే మూట రెండు గంటల్లో అయిపోతుంది. ఇంకో నాలుగేళ్లు ఇలాగే చేత్తో కుడితే తన కళ్లు పాప మొహాన్ని కూడా తడుముకోవాల్సి వస్తుందని ఆమెకి తెలుసు. మొగుడికి మాత్రం స్నేహితుడి ట్రాలీ బండిలో వాటా కావాలి.

“ఆ నంబరేదో నాకు చెప్పు. ఆ బాధంతా నీకెందుకు?” అన్నాడొక సాయంత్రం, మంచినీళ్ల గ్లాసు చేతికిస్తూ.

ఆ మాట ఆమె ఇదివరకు ఒకసారి విన్నది. పెళ్లైన రెండో నెలలో, కుట్టిన మూటని కంట్రాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తానంటే, “ఆ బాధంతా నీకెందుకు?” అని అతనే భుజాన వేసుకుని వెళ్లాడు. ఆ రోజు ఎంత మురిసిపోయిందో తలుచుకుంటే ఇప్పుడు తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి చొక్కాకి ఎంతిస్తారో ఆమెకి తెలియదు. అతను తెచ్చిందే కూలి, చెప్పిందే ధర.

“గుర్తులేదు,” అంది. అతను గ్లాసు వెనక్కి తీసుకున్నాడు.

రెండో విడతకి ముందు సర్వే అమ్మాయి ఫోన్ చేసింది, రేపు పొద్దున వస్తానని. కావాలంటే డబ్బు అందుకునే పేరు మార్చుకోవచ్చనీ, ఈ ఒక్కసారే కుదురుతుందనీ చెప్పింది. ఇంకేం కావాలి! తల్లీకొడుకులు అప్పటికప్పుడు మొత్తం సిద్ధం చేసేశారు. అబద్ధం ఆడామని ఇప్పుడు బయటపెడితే పేరు కొట్టేస్తారేమోనని భయం. అందుకని అతను మొన్ననే తిరిగొచ్చినట్టు చెప్పాలి. “బుద్ధొచ్చి వచ్చాడని చెప్పు, వినడానికి బాగుంటుంది,” అంది అత్తగారు. “పేరు వాడికి మార్పించు. మగాడి పేరు మీద ఉంటేనే మర్యాద.” ఆమె సరేననలేదు, కాదనలేదు. నోట్లో గుండీలున్నాయి.

పొద్దున్నే అతను గడ్డం గీసుకుని, ఆమె కుట్టిన మూటలోంచే ఒక చొక్కా తీసి తొడుక్కుని, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. తిరిగొచ్చిన మనిషిలా కనపడాలని కాస్త నీరసంగా మొహం పెట్టాడు. సర్వే అమ్మాయి వచ్చి పీట మీద కూర్చుంది.

“కుటుంబంలో ఏమైనా మార్పులున్నాయా?”

“లేవండీ,” అంది ఆమె.

అత్తగారు దగ్గింది. అతను కుర్చీలో ముందుకి జరిగి గొంతు సవరించుకున్నాడు. అమ్మాయి తలెత్తి అతని వంక చూసింది.

“ఈయన?”

“మా అత్తగారి అబ్బాయండీ.”

అత్తగారు నోరు తెరిచింది. వాడే దీని మొగుడు అనాలంటే ఆ రోజు కళ్లొత్తుకుని ఏడ్చింది ఎందుకో చెప్పాలి. తెరిచిన నోరు అలాగే మూసేసుకుంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. పెళ్లాం ఇప్పుడు నవ్వేసి అసలు సంగతి చెప్తుందని చూస్తూ కూర్చున్నాడు.

అమ్మాయి ఇద్దరినీ చూసి, ఫోన్ మీద వేలు అలాగే ఉంచి, మెల్లగా అడిగింది: “మరి మీ భర్త తిరిగొచ్చారా?”

ఆమె కుర్చీ వైపు తిరిగింది. కొత్త చొక్కానీ, గీసుకున్న గడ్డాన్నీ, ఆ మొహాన్నీ నిదానంగా, కళ్లు చికిలించి మరీ వెతికినట్టు చూసింది.

“ఇంకా రాలేదండీ,” అంది.