నాన్న పిట్ట, మడుగు పిట్ట

ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు.

మా ఇంట్లో తెల్లవారితే వినిపించేది అదే. ఆకులు లేవు. నడిచేవాళ్ళూ లేరు. వరండాలో చాప మీద నాన్న కూర్చుని, పనికిరాని రికార్డింగు టేపు చుట్టని రెండు చేతులా పిసుకుతూ ఉండేవాడు. కరకర... కాస్త ఆగి, మళ్ళీ కరకర. తెర మీద కథానాయిక దారి తప్పి తిరిగే అడవి అంతా మా నాన్న గుప్పిట్లో ఉండేది.

నాన్న పేరు ఆదినారాయణ. సినిమాలకు చప్పుళ్ళు చేసేవాడు.

చేటలో ఆవాలు దొర్లిస్తే వాన. పాత గొడుగు టపటపా తెరిచి మూస్తే కొంగ లేచిపోయినట్టు. పిట్టలకైతే ఏ వస్తువూ అక్కర్లేదు, నోరు చాలు.

అందులోనూ లకుముకి పిట్ట నాన్న సొంతం. మద్రాసులో ఉన్నప్పుడూ అంతే, సినిమా వెనకాలే మేమూ ఫిల్మ్ నగర్ బండల మధ్యకి వచ్చాకా అంతే. ఏటి ఒడ్డు సీను ఉందంటే నాన్నకి కబురొచ్చేది. సన్నగా మొదలై, చివర కొంచెం పైకి లేచే కూత. చిన్నప్పుడు ఆ కూతకే నేను అన్నం తినేదాన్నట.

ఆ ఏడు నాన్నకి వినికిడి తగ్గింది.

తొంభై ఒకటో, తొంభై రెండో. జూబ్లీహిల్స్‌లో ఇళ్ళ కోసం బండలు పేలుస్తుంటే మాతో పాటే ఉలిక్కిపడేవాడు. కుక్కర్ విజిల్ మాత్రం వినిపించేది కాదు. విజిల్ వస్తే దించమని చెప్పి అమ్మ స్నానానికి వెళితే పప్పు మాడి బొగ్గయింది. నాన్న పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు.

సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయని, తక్కినవి నెమ్మదిగా పోతాయని డాక్టరు చెప్పాడట. నాన్న అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెవులతో బతికే ఇల్లు అది — అందులో గుట్టు ఎక్కడ దాగుతుంది? నాకు తెలుసు. నానమ్మకీ తెలుసు. తెలియనట్టు అందరం చక్కగా నటించాం. సినిమావాళ్ళ ఇల్లు కదా.

కానీ నాన్న బెంగ పని గురించి కాదు. ఒకరోజు వంటింట్లో అమ్మతో అంటుంటే విన్నాను.

"పుష్పా, ఆ పిట్ట కూత నేనెప్పుడూ వినలేదు. మా గురువుగారు నేర్పిందే కూశాను. ఆయన ఎక్కడ విన్నాడో తెలీదు. ఇన్నేళ్ళూ నేను కూసింది లకుముకో, ఇంకేదో... చెవులుండగా ఒక్కసారి విని చూసుకోవాలి."

అమ్మ పోపు వేస్తోంది. "అయితే పోదాం పదండి" అంది. మా అమ్మ పుష్పవల్లి పెద్ద పెద్ద నిర్ణయాలన్నీ పొయ్యి దగ్గరే తీసుకునేది.

అలా మేము పోచారం అడవికి వెళ్ళాం.

చలి వెనకబడుతున్న రోజులు. ఆదివారం. సినిమా కంపెనీవాళ్ళ మటాడోర్ వ్యాను, దాంతో పాటు రహమత్ నగర్ నుంచి డ్రైవరు చంద్రశేఖర్. ముందు సీట్లో మా నానమ్మ అమ్మాజీ, ఒళ్ళో పులిహోర గిన్నె. నర్సాపూర్ దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెట్లు దగ్గరికి జరిగాయి. మంచు ఇంకా కరగలేదు. నాన్న కిటికీ అద్దం దించి, తల బయట పెట్టి కూర్చున్నాడు. చలిగాలి కొడుతోందని నానమ్మ తిట్టింది. అది వినిపించిందో లేదో... నాన్న తల లోపలికి తీయలేదు.

వ్యాను ఆగింది. దిగాం.

నిశ్శబ్దం.

నాకు చాలా నిరాశగా అనిపించింది. మా ఇంటి అడవిలో ఎప్పుడూ ఏదో ఒకటి కూస్తూనే ఉంటుంది. కీచురాళ్ళు, గాలి, దూరంగా నక్క — అన్నీ వరసగా వస్తాయి. ఇక్కడ ఏమీ లేదు. చెట్లున్నాయి, అంతే.

నానమ్మ చుట్టూ చూసింది. "ఏరా ఆదీ, ఈ అడవికి ఇంకా సౌండు కలపలేదేంట్రా?"

నాన్న నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు.

అప్పుడు మేమంతా, ఎవరూ చెప్పకుండానే, థియేటర్లోకి వెళ్ళినట్టు అయిపోయాం. రికార్డింగ్ థియేటరు తలుపు మీద ఎర్ర బల్బు ఉంటుంది. అది వెలిగిందంటే లోపల తుమ్మకూడదు, దగ్గకూడదు, గాజు కదలకూడదు. నాకు నడక కన్నా ముందు ఆ బల్బే నేర్పారు. ఇక్కడ బల్బు లేదు. అయినా అమ్మ గాజుల మీద చేతిరుమాలు చుట్టుకుంది. నానమ్మ దగ్గు రాకుండా లవంగం బుగ్గన పెట్టుకుంది. నేను చెప్పులు విప్పి చేత పట్టుకున్నాను.

మెత్తగా నడిచాం. ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా నడవడం మాకొచ్చు. చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్ళం కదా.

అందుకే జింకలు పారిపోలేదు.

చుక్కల జింకలు. దారికి అడ్డంగా నిలబడి మమ్మల్ని చూశాయి. మేమూ చూశాం. ఒక పిల్ల జింక చెవులు ఇటు తిప్పింది, అటు తిప్పింది. మా దగ్గర వినడానికి దానికేమీ దొరకలేదు. తల వంచి మళ్ళీ మేసింది.

వెనక చంద్రశేఖర్ గుసగుసగా అన్నాడు. "మస్తు మందిని తోలుకొచ్చిన అమ్మా. గింత సప్పుడు లేకుంట ఉన్నోళ్ళను గీడ సూడలే."

అమ్మ చూపుడువేలు పెదవి మీద పెట్టింది. పాపం, అతనూ ఊపిరి బిగబట్టాడు.

చెట్లు అయిపోయిన చోట నీళ్ళు.

పెద్ద చెరువు తన పాటికి తాను అవతల ఉంది. ఇవతల దాని నీళ్ళే పక్కకి వచ్చి నిలిచి, జమ్ముగడ్డి మధ్య మడుగు కట్టాయి. అల లేదు. ఆకాశం ఉన్నది ఉన్నట్టు అందులో ఉంది. నీళ్ళ మీదికి వంగిన ఎండు కొమ్మ ఒకటి. ఆ కొమ్మ మీద — నీలం.

లకుముకి.

నాన్న అక్కడే చతికిలబడ్డాడు. ఒక చెయ్యి చెవి వెనక డొప్పలా పెట్టుకున్నాడు. మేమందరం ఆయన వెనక కూర్చున్నాం. పులిహోర గిన్నె మూత ఎవరూ తియ్యలేదు. స్టీలు మూత, మోగుతుంది.

ఎండ కాస్త పైకొచ్చింది. పిట్ట నీళ్ళనే చూస్తోంది. నాన్న పిట్టనే చూస్తున్నాడు. అమ్మ నాన్ననే చూస్తోంది.

ఒక్కసారిగా పిట్ట లేచింది. మడుగు మీదుగా గీత గీసినట్టు పోతూ... అరిచింది.

నేను విన్నాను. అమ్మ వింది. నానమ్మ బుగ్గన లవంగం కదలడం ఆగిపోయింది.

నాన్న చెయ్యి ఇంకా చెవి వెనకే ఉంది. పిట్ట అవతలి గట్టు చేరిపోయింది. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు.

అమ్మ నాకేసి చూసింది. కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చింది, అంతే.

నాన్న దగ్గరికి వెళ్ళి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను. పిట్ట అరిచింది అరిచినట్టు అరిస్తే ఆయనకి అందదు. అందుకని గొంతు దించాను. లావు చేశాను. నాన్నకి ఎంతవరకు అందుతుందో అంతవరకు ఆ కూతని కిందికి తెచ్చాను. రెండు ముక్కలు. పొట్టిగా, గరుగ్గా, విసుక్కున్నట్టు.

నాన్న చెవి వెనక చెయ్యి దించాడు.

"ఇంతేనా?"

"ఇంతే నాన్నా."

"చివర పైకి లేవదూ?"

"లేవదు."

నీళ్ళకేసి చూశాడు. ఇన్నేళ్ళ పిట్ట. ఎన్ని ఏటి ఒడ్లు, ఎన్ని పడవలు, ఎందరు కథానాయికలు... వాళ్ళందరి తలల మీదా కూసింది లకుముకి కాదు.

నాన్న భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి, లేవనను.

"మా గురువుగారు ఎంత గడుసువాడే. దీనిది ఒట్టి మాట. ఆయన నాకు పాట కట్టిచ్చాడు."

అని, అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని, మడుగు మీదికి తన పిట్టని కూశాడు. సన్నగా మొదలై, చివర కొంచెం పైకి లేచే కూత. తన కూత కూడా ఇప్పుడు ఆయనకి అందదు. గొంతులో అదురు తెలుస్తుందంతే. అయినా ఎక్కడా తప్పలేదు.

నీళ్ళ మీద ఆ కూత వెళ్ళింది. జమ్ములో ఆగింది.

నిశ్శబ్దం.

ఆ తర్వాత... అవతలి గట్టు నుంచి, పొట్టిగా, గరుగ్గా, రెండు ముక్కలు.

మా ముఖాలన్నీ ఒక్కసారే అటు తిరిగాయి. చంద్రశేఖర్ ముఖం కూడా. అమ్మ చెయ్యి వెళ్ళి నాన్న భుజం తట్టింది. నాన్న ఆ పిట్టని వినలేదు. మమ్మల్ని చూశాడు.

"పలికిందా?"

మా నానమ్మ జన్మలో ఎవరితోనూ సరే అనని మనిషి. లవంగం పక్కబుగ్గకి మార్చుకుంది.

"పలికిందిరా. నీకే."

అది జవాబో, దాని పని మీద అది అరిచిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. ఆ పిట్ట ఎక్కడున్నా చల్లగా ఉండాలి. దాని పిల్లలూ, వాటి పిల్లలూ, ఆ మడుగూ చల్లగా ఉండాలి. నీళ్ళ మీదికి ఆ కొమ్మని వంచిన చెట్టు కూడా.

పులిహోర అప్పుడు తిన్నాం. మూత మోగితే మోగనిమ్మంది అమ్మ. అంత రుచి మళ్ళీ నేనెరగను.

తిరిగి వస్తుంటే వ్యానులో నాన్న అన్నాడు. "వచ్చే వారం థియేటర్‌కి నువ్వూ రా అమ్మా. పిట్ట నువ్వు కుయ్యి. నేను పక్కనుంటా."

"ఆడపిల్లకి పిట్ట కూతలేంట్రా" అంది నానమ్మ. కాసేపాగి, వెనక్కి తిరగకుండానే, "ఏదే, మళ్ళీ ఓసారి కుయ్యి" అంది.

ఇల్లు చేరేసరికి బండల మీద ఎండ ఎర్రబడుతోంది. నాన్న చొక్కా జేబులోంచి ఎండిన మోదుగాకులు తీశాడు, మడుగు దారిలో ఏరుకున్నవి. ఒక చేతిలో ఆకులు, ఒక చేతిలో టేపు చుట్ట. చాప మీద నా ఎదురుగా కూర్చున్నాడు.

"కళ్ళు మూసుకో. ఏది అసలుదో చెప్పు."

మూసుకున్నాను.

కరకర...

కాస్త ఆగి, మళ్ళీ కరకర.

నా జవాబు కోసం నాన్న ఎదురుచూస్తున్నాడని తెలుసు. ఆయనకి ఇప్పుడు నేనే చెవి. అయినా వెంటనే కళ్ళు తెరవబుద్ధి కాలేదు. అమ్మ గాజుల మీది రుమాలు ఇంకా విప్పలేదు. వరండాలో ఎవరూ ఊపిరి కూడా తీయడం లేదు.

ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు...