మక్కా దీపంలో బిళ్ళ

హురియత్ హజ్ నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి, మర్గిలాన్ పట్నం పక్కనున్న ఆ ఇంటికి చూడవచ్చేవాళ్ళ తాకిడి తగ్గలేదు. వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒక ఖర్జూరం, గుక్కెడు పవిత్ర జమ్‌జమ్ నీళ్ళు, నొక్కితే పచ్చగా వెలిగే చిన్న ప్లాస్టిక్ మసీదు దీపం. అన్నీ అందించేది కోడలు మునిసా. తెల్లారకముందే తందూరు రాజేయాలి, పొద్దుగూకాక అంట్లు తోమాలి, మధ్యలో రెండేళ్ళ రోబియాను చంకనేసుకుని తిరగాలి. పనిమనిషికైనా సెలవుంటుంది, హాజీగారి కోడలికి ఎక్కడిది!

ఆ పొద్దున వేడి రొట్టెలు తీసుకుని లోపలికొచ్చేసరికి రోబియా నోటి వెంట చొంగ ఆగకుండా కారుతోంది. మెడ పట్టుకుని గింజుకుంటోంది. పక్కన ఒక దీపం మూత ఊడి పడుంది. అందులో ఉండాల్సిన నాణెమంత బ్యాటరీ బిళ్ళ లేదు. మునిసా పరుపులు దులిపింది, తివాచీ ఎత్తి చూసింది. ఎక్కడా లేదు.

పిల్లను ఎత్తుకుని అతిథుల గదిలోకి పరుగెత్తింది. ఆడవాళ్ళ నడుమ తెల్ల ముసుగులో కూర్చునుంది హురియత్.

"అత్తయ్యా, పాప బ్యాటరీ బిళ్ళ మింగేసింది. ఆస్పత్రికి పోవాలి."

"ఎందులోదే?"

"మీరు తెచ్చిన దీపంలోది."

హురియత్ ముఖం మాడిపోయింది. "మక్కా నుంచి తెచ్చిన వస్తువు నా మనవరాలికి కీడు చేస్తుందటే? నలుగురిలో ఎంత మాటన్నావు! రొట్టె మెత్తగా నమిలి పెట్టు, అదే దిగిపోతుంది."

"మావాడు నాణెం మింగలేదూ? మర్నాడు కడిగి, దాంతోనే ఉల్లిపాయలు కొన్నాను," అందొకావిడ. అందరూ పగలబడి నవ్వారు.

అంతలో అందరికన్నా పెద్దావిడ దువా ప్రార్థన చెయ్యడానికి అరచేతులు పైకెత్తింది. ఇక ఆ చేతులు ముఖానికి తాకేదాకా ఎవరూ లేవకూడదు. ముసలావిడ ఊరుకుంటేనా! పోయినవాళ్ళ పేర్లన్నీ తలిచింది, పుట్టబోయేవాళ్ళకూ దీవెనలిచ్చింది. ఒళ్ళో పిల్ల డోకుతుంటే మునిసా కూడా అరచేతులు చాపుకుని కూర్చుంది. లేచిపోవాల్సింది. లేవలేదు. దువా ముగిశాక అత్త చూపుకు జడిసి రొట్టె నమిలి తన చేత్తోనే పిల్ల నోట్లో పెట్టింది. పెట్టిందంతా కక్కేసింది రోబియా.

పెరట్లో పులావు బాండీ దగ్గరున్న మొగుడు సర్వర్ దగ్గరికి పరుగెత్తింది.

"ఏవండీ, కారు తియ్యండి. పాపకు ఊపిరాడ్డం లేదు."

"ఎలా తియ్యనే? గేటుకడ్డంగా అందరి కార్లూ ఉన్నాయి. అమ్మ ఏమంది?"

"రొట్టె పెట్టమంది."

"మరి పెట్టు."

అంతలో బాండీ కింద మంట ఎక్కువైందని ఎవరో అరిస్తే మాత్రం పరుగెత్తాడు, మహానుభావుడు.

ఒక గుంపు పోతే ఇంకో గుంపు వచ్చింది. మళ్ళీ టీ, మళ్ళీ దువా. పొద్దు వాలాక, పిల్ల కక్కినదాంట్లో నెత్తురు కనబడ్డాక, అప్పుడు కదిలింది కారు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే గొంతు కింద గుండ్రంగా తెల్లగా కనబడింది బిళ్ళ.

"ఎప్పుడు మింగింది?" అన్నాడు డాక్టరు.

"ఇప్పుడే నాయనా, దారిలో," అంది హురియత్, కళ్ళార్పకుండా.

"కాదు. పొద్దున. నేను రొట్టెలు కాలుస్తున్నప్పుడు," అంది మునిసా. కాపురానికొచ్చాక అత్త మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు.

డాక్టరు ముఖం పాలిపోయింది. "పొద్దుననా! అది నాణెం కాదమ్మా. తడి తగిలితే కరెంటు పుట్టి లోపలంతా కాల్చేస్తుంది. మింగిందని అనుమానం రాగానే బయల్దేరొద్దూ? ఏడాది దాటిన పిల్లే కదా, దారిలో కాస్త తేనె నాకిస్తే మంట కొంతైనా తగ్గేది. రొట్టె పెట్టమని ఏ మహాతల్లి చెప్పింది?"

ఆ మహాతల్లి కిటికీలోంచి బయటికి చూస్తోంది. డాక్టరు జవాబు కోసం ఆగలేదు, పిల్లను తనే ఎత్తుకుని ఆపరేషన్ గదిలోకి పరుగెత్తాడు.

తలుపు మూసుకోగానే సర్వర్ పళ్ళు కొరికాడు. "హజ్ చేసొచ్చిన మనిషిని పరాయివాడి ముందు అబద్ధాలకోరును చేశావు కదే!"

"పాప బతుకుతుందా అని అడగరేం?"

అడగలేదు. తల్లికి కుర్చీ వెతకడానికి వెళ్ళాడు.

పాప బతికింది. బిళ్ళ బయటికొచ్చింది. అన్నవాహిక కాలిపోయిందనీ, కొన్నాళ్ళు గొట్టంతోనే పాలు పోయాలనీ చెప్పి, డాక్టరు కాస్త గొంతు తగ్గించాడు. "పక్కనే మాటకు సంబంధించిన నరాలుంటాయమ్మా. వాటికీ సెగ తగిలింది. మాట ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేను."

మర్నాడు నోట్లోని ఊపిరి గొట్టం తీశాక రోబియా కళ్ళు తెరిచింది. తల్లిని చూసింది. చేతులు చాచి నోరు బార్లా తెరిచింది. ముఖం కందిపోయింది, గుండెలు ఎగిసిపడుతున్నాయి, కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. మునిసా పిల్ల పెదవుల దగ్గర చెవి ఆనించింది. గాలి తప్ప ఏమీ వినబడలేదు.

హురియత్ గుమ్మంలోంచి తొంగి చూసి రెండు చేతులూ ముఖానికి అద్దుకుంది.

"అల్హమ్‌దులిల్లా! చూశావటే, ఏడుపు కూడా ఆపేసింది. నే చెప్పలేదూ, ఏమీ కాదని?"