కిటికీ దగ్గర అమ్మ: నాలుగో నమూనా

మా అమ్మాయి ప్రకటనల స్టూడియోలో ఫొటోలు తీస్తుంది. పోయిన వారం వాళ్ల ఓనరు దానికో ఘనమైన బాధ్యత అప్పగించాడు. చెబితే చాలు, బొమ్మ చేసిపెట్టే ఏఐలు మూడు దొరికాయట. మూడింటినీ పోల్చి ఏది మేలో తేల్చాలట. అంటే రేపు తన కుర్చీలో ఎవరు కూర్చోవాలో తనే ఏరిపెట్టాలన్నమాట. ఏం మర్యాద!

"నీ ఉద్యోగం పోతుందే," అన్నాను.

"కుక్కర్ నాలుగో కూత వేసినా ఇల్లు పేలిపోతుందంటావు నువ్వు. ఏనాడైనా పేలిందా?"

"నేను భయపడబట్టే పేలలేదు."

పరీక్షకు పెట్టింది హెల్మెట్ పోస్టరు. బండి మీద వెళ్లిన కూతురు ఇంకా రాలేదు. తల్లి కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. మొదటి ఏఐ చేసిన తల్లి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. పీడా వదిలిందనుకుందో ఏమో. రెండోది కన్నీళ్లు ధారగా కార్పించింది గానీ, ఊచ పట్టుకున్న చేతికి ఆరు వేళ్లు. మూడోది అన్నిట్లోకీ బుద్ధిమంతురాలు. వేళ్లు లెక్కగా ఐదే. తల్లికి మాత్రం కూతురికంటే తక్కువ వయసు, చెదరని జుట్టు.

"అన్నీ వచ్చు వీటికి. బెంగ ఒక్కటే రావట్లేదు," అని తల పట్టుకుంది మా అమ్మాయి.

మర్నాడు సాయంత్రం ఇంటికి రావడం ఇరవై నిమిషాలు ఆలస్యం. ఫోనెత్తదు. నేను అప్పటికే మనసులో ఆస్పత్రికి వెళ్లి, వార్డులన్నీ వెతికేశాను. కిటికీకి అతుక్కుపోయి చూస్తుంటే, ఎదురుగోడ పక్కనుంచి కెమెరాతో లేచింది మహాతల్లి!

"కదలకమ్మా, ఇంకొక్కటి!"

"ఇక్కడ నా గుండె ఆగిపోతుంటే నీకు ఫొటోలా?"

"అందుకేగా ఇరవై నిమిషాలు దాక్కున్నాను. లోపలికొచ్చాక తిడుదువుగాని."

తిట్టాను, తనివితీరా.

తర్వాత జరిగింది తనే వచ్చి చెప్పింది. పేర్లు రాయకుండా నాలుగు బొమ్మలు ఓనరు ముందు పెట్టిందట. ఆయన నాలుగోదాని మీద వేలు పెట్టి, "ఏఐ అంటే ఇదీ! కాస్త అతి చేసిందనుకో, నిజం మనుషులు ఇంత బెంగపడరు. అయినా దీన్నే తీసుకుందాం. దీని పేరేంటి?" అన్నాడట.

"మా అమ్మ సార్."

ఆయన బొమ్మను చేతిలోకి తీసుకుని మళ్లీ చూశాడట. ఆ తర్వాత, "మరి ఆవిడ ప్రతి పోస్టరుకీ వస్తారా?" అన్నాడట, సిగ్గులేకుండా.

"నాకు ఆలస్యమైతేనే ఆ మొహం వస్తుంది సార్. కెమెరా పట్టుకోవాల్సింది కూడా నేనే."

అలా కుర్చీ నిలబడింది. ఆ మూడు ఏఐలూ వేరే వాళ్ల పిల్లల కుర్చీలు వెతుక్కుంటూ వెళ్లుంటాయి.

నాలుగు రోజులుగా నాకు ఒళ్లు తెలియని నిద్ర. అదే ఇప్పుడు దిగులు. పొద్దున అద్దంలో చూసుకుంటే నుదుటి మీద రెండు గీతలు తగ్గినట్టున్నాయి. వచ్చే వారం సీటుబెల్టు పోస్టరుందట. పిల్ల ఉద్యోగం నిలవాలంటే, ఈ మొహంతోనా!